సెకను తప్పని మెరుపు

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

చదువును గూర్చి, స్కాలర్‌షిప్పులను గూర్చి మాట్లాడేవారు ఈ సభలో నలుగురున్నారు. మమ్ములను మాత్రం వేరే ఏదైనా చెప్పమన్నారు కార్యదర్శిగారు, పిల్లలు కూడా వినేదిగా ఉండాలన్నారు. కాబట్టి ఆకాశమును గూర్చి చెప్పదలచినాము. అది కూడా చంద్రుని గూర్చి కాదు, చుక్కలను గూర్చి కాదు. మనుషులు తయారుచేసి పైకి పంపిన ఒక వస్తువు ఇరవై రెండేండ్లపాటు మన నెత్తి మీద తళుక్కుమని మెరిసినది. 2019 ముగిసేనాటికి ఆ మెరుపు దాదాపుగా ఆగిపోయినది. ఇక్కడున్న పెద్దలలో కొందరు దానిని చూసియుండవచ్చు, ఏమిటో తెలియక ఊరుకుని ఉండవచ్చు. ఇప్పుడు బడికి పోతున్న పిల్లలకు చూపిద్దామంటే అది లేదు.

మెరుపు అంటే వానకాలపు మెరుపు కాదు సుమా. చీకటి పడిన గంటకో గంటన్నరకో, మబ్బు లేని ఆకాశంలో, కంటికి ఆనీ ఆనని ఒక సన్నని చుక్క మెల్లగా నడుచుకుంటూ పోతుంది. ఉన్నట్టుండి అది పెరగడం మొదలుపెడుతుంది. రెండు మూడు సెకన్లలో పెద్ద నక్షత్రమంత, ఆ వెంటనే శుక్రుని మించి, ఒక్కొక్కసారి శుక్రునికి ఇరవై రెట్ల పైన వెలిగిపోతుంది. ఒక్క క్షణం. మళ్లీ అట్లే తగ్గి తగ్గి, పది పదిహేను సెకన్లలో మాయమైపోతుంది. చప్పుడు లేదు. పక్కనున్నవానిని పిలిచేలోపల అయిపోయేది. "నేను చూసినాను" అంటే ఎవరూ నమ్మరు. ఎక్కడెక్కడివారో దీనిని చూసి పళ్లెపు ఓడలన్నారు, ఇంకేవో అన్నారు.

అయితే ఇది ఏ ఊరికి, ఏ తేదీన, ఎన్ని గంటల ఎన్ని నిమిషాల ఎన్ని సెకన్లకు, ఏ దిక్కున, ఎంత ఎత్తున వస్తుందో వారం ముందుగానే చెప్పగలిగినవారున్నారు. వారు కంపెనీవారు కారు, సర్కారువారు కారు. జీతం లేకుండా మేడ ఎక్కి ఆకాశం చూసుకునే మామూలు మనుషులు. వారు ఆ పని ఎట్లా చేసినారన్నది ఈ ప్రసంగంలో అసలు సంగతి.

ముందు వస్తువును గూర్చి కొంచెం. ఆ ఉపగ్రహాల పేరు ఇరిడియం. (ఉపగ్రహమును మా ఉర్దూ పుస్తకాల్లో మస్నూయీ సయ్యారా అంటాము.) అమెరికాలోని మోటరోలా కంపెనీ, ఎడారిలో నిలబడినా సముద్రం నడుమ ఉన్నా ఫోను మాట్లాడగలిగేటట్లు చేయాలని వీటిని తలపెట్టినది. మొదట అనుకున్న లెక్క 77 ఉపగ్రహాలు. ఇరిడియం అనే లోహపు పరమాణు సంఖ్య కూడా 77, అందుకని ఆ పేరు. తరువాత లెక్క 66కు దిగినది గాని పేరు దిగలేదు. 66వ మూలకం పేరు డిస్ప్రోసియం. ఆ పేరుతో ఫోన్లు అమ్మడం ఎవరికైనా కష్టమే గదా! 1997 మే 5న మొదటి ఐదు ఎగిరినవి. ఎత్తు సుమారు 780 కిలోమీటర్లు. దాదాపు ధ్రువాల మీదుగా తిరుగుతాయి కాబట్టి మనకు ఉత్తర దక్షిణాలుగా పోయేవి. నూరు నిమిషాలకు ఒక చుట్టు.

ఒక్కొక్క ఉపగ్రహానికి మూడు పెద్ద ఆంటెన్నా పలకలుండేవి. ఒకటి ముందుకు, రెండు వెనుకవైపు చెరొక పక్కకు. ఒక్కొక్క పలక 188 సెంటీమీటర్ల పొడవు, 86 సెంటీమీటర్ల వెడల్పు. అనగా మన ఇంటి తలుపు రెక్క అంత. ఎండకు వేడెక్కకుండా వాటికి వెండిపూత టెఫ్లాన్ తొడిగినారు. పలక నున్నగా, చదునుగా ఉండేది. నిలువుకు 40 డిగ్రీలు వాల్చి బిగించినారు. ఇంకేం కావాలి? వెండిపూత, చదును, ఒకే వాలు. ఆంటెన్నా చేద్దామనుకుని అద్దం చేసినారు. మెరవాలని ఎవరూ చేసినది కాదు.

ఇంకొక ముఖ్య విషయం. ఫోను సంకేతాలు నేల మీద సరిగ్గా పడాలంటే ఉపగ్రహం అటూ ఇటూ ఊగకూడదు. అందుకని దానిని ఎప్పుడూ ఒకే తీరుగా నిలిపి ఉంచేవారు. దొర్లుతూ పోయే అద్దమైతే అది ఎప్పుడు ఎటు మెరుస్తుందో చెప్పడం ఎవరి తరమూ కాదు. నిలకడగా ఉన్న అద్దం కాబట్టే లెక్కకు దొరికినది.

పిల్లలకు మేము తరగతిలో చేయించే పని ఒకటుంది, ఇంట్లో మీరు కూడా చేయవచ్చు. చిన్న అద్దానికి కాగితం అంటించి, మధ్యలో అంగుళమంత చదరపు కిటికీ కత్తిరించండి. ఎండలో నిలబడి ఆ వెలుగును దగ్గరి గోడ మీదికి వేస్తే చదరపు మచ్చే పడుతుంది. వీధి అవతలి నీడగోడ మీదికి వేయండి. ఇప్పుడు మచ్చ గుండ్రంగా ఉంటుంది! అద్దం చదరమైతే మచ్చ గుండ్రమేమి? ఎందుకంటే అది అద్దపు ఆకారం కాదు, సూర్యుని బింబం. సూర్యుడు మనకు చుక్క కాదు, సుమారు అర డిగ్రీ వెడల్పున్న పళ్లెం. కాబట్టి అద్దం నుండి పోయే వెలుగు కూడా అంతే వెడల్పున విచ్చుకుంటూ పోతుంది. నూరు మీటర్ల దూరాన ఆ మచ్చ వెడల్పు దాదాపు ఒక మీటరు, కొంచెం తక్కువ. వెయ్యి కిలోమీటర్ల దూరానైతే? మూడు సున్నాలు కాదు, నాలుగు సున్నాలు చేర్చుకోండి. తొమ్మిది కిలోమీటర్ల పైచిలుకు.

అంటే ఇరిడియం మెరుపు నేల మీద పడే మచ్చ పదికి లోపు కిలోమీటర్ల వెడల్పే. ఉపగ్రహం సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల వేగాన పోతుంటే ఆ మచ్చ కూడా ఊళ్ల మీదుగా, పొలాల మీదుగా అంతే జోరుగా పరుగెత్తిపోతుంది. మన మేడ ఆ మచ్చ దారిలో ఉంటే మనకు మహా వెలుగు. దారికి ఇరవై ముప్పై కిలోమీటర్లు తూర్పుకో పడమరకో ఉంటే మామూలు చుక్క. కడపలో అందరూ అబ్బో అన్న మెరుపును ప్రొద్దుటూరులో అదే నిమిషాన చూస్తున్నవాడు "ఏదీ, ఏమీ లేదే" అనవచ్చు. ఇద్దరూ అబద్ధం చెప్పినట్లు కాదు.

తలుపు రెక్క మీద పడిన ఎండ అంతటినీ తొమ్మిది కిలోమీటర్ల గుండ్రంలో పరిచినట్లు లెక్క వేసి చూడండి. సూర్యుని వెలుగులో నాలుగు కోట్లవ వంతు మన కంటికి వస్తుంది. నాలుగు కోట్లవ వంతు ఏపాటి అనిపించును. అయినా సూర్యుడు సూర్యుడే. ఆ వంతుకే శుక్రుడు వెలవెలబోయేవాడు. అందుకనే పట్టపగలు నీలాకాశంలో కూడా ఈ మెరుపులను చూసినవారున్నారు. సూర్యుడు గోడ చాటున ఉండేటట్లు నిలబడి, చెప్పిన చోటికి చూస్తే తెల్లని నిప్పురవ్వలాగ కనిపించేది. కొందరు ఇంకా ముందుకు పోయి, నిండు చంద్రుని వెలుగు ఈ పలకల మీద పడి మెరిసే మెరుపును కూడా లెక్కగట్టి బైనాక్యులర్‌తో పట్టుకున్నారు. ఆ ఓపికను ఏమనాలి!

"మనకు చీకటి పడినాక ఉపగ్రహానికి ఎండ ఎక్కడిది?" అని పిల్లలు తప్పక అడుగుతారు. సాయంత్రం మన వీధుల్లో నీడ పడినాక కూడా పాలకొండల శిఖరాన కాసేపు ఎండ నిలిచి ఉంటుంది గదా. 780 కిలోమీటర్ల ఎత్తున్న కొండ ఉన్నదనుకోండి, దాని శిఖరాన ఎండ ఎంతసేపు ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాము. ఉపగ్రహాలను చూసి టైము రాసుకునే అలవాటు ఇరిడియంతో పుట్టినది కాదు. 1956లో, మొదటి ఉపగ్రహం ఎగరకముందే, అమెరికాలోని స్మిత్సోనియన్ ఖగోళ పరిశోధనాలయానికి చెందిన ఫ్రెడ్ విపుల్ అనే శాస్త్రవేత్త మూన్‌వాచ్ అనే పేరుతో మామూలు జనాన్ని, బడిపిల్లలను, పంతుళ్లను జట్లుగా కూర్చినాడు. చిన్న దుర్భిణీ, ఒక గడియారం, ఒక పుస్తకం, అంతే సరంజామా. ఆ పని 1975 దాకా నడిచినది. ఇంగ్లండులో డెస్మండ్ కింగ్-హీలీ అనే ఆయన ఇటువంటివారు స్టాప్‌వాచీతో తీసిన టైములను ఆధారం చేసుకునే, పైన పలుచని గాలి ఎంత దట్టంగా ఉన్నదో, భూమి ఆకారంలో సన్నని హెచ్చుతగ్గులెట్లా ఉన్నవో లెక్కగట్టినాడు. చూపు సాదాదే గాని టైము కచ్చితంగా రాస్తే దాని విలువ అంతటిది.

ఆ వరుసలోనివారే 1997లో ఇరిడియంను పట్టినారు. ఫోన్లు 1998 నవంబరులో గాని మొదలు కాలేదు. అంతకు ఏడాది ముందే, కొత్తగా ఎగిరిన ఈ సన్నని చుక్కలు ఉండుండి భగ్గుమంటున్నవని చూసేవారు గమనించినారు. ఒకరు చూస్తే కాకతాళీయం అనవచ్చు. వేర్వేరు ఊళ్లలోనివారు తేదీ, సెకనుతో సహా టైము, తాము నిలబడిన చోటు రాసి ఒకరికొకరు పంపుకున్నారు. ఇక లెక్క తిరగేసినారు. ఆ సెకనున సూర్యుడు ఎక్కడున్నాడు? ఉపగ్రహం ఎక్కడున్నది? చూసేవాడెక్కడున్నాడు? ఈ మూడూ తెలిస్తే, వెలుగు ఇటు నుండి వచ్చి అటు పోవాలంటే అద్దం ఏ మొగాన ఉండవలెనో తెలిసిపోతుంది. మన ఎనిమిదో తరగతి పాఠమే: పతన కోణము, పరావర్తన కోణము సమానము. ఉర్దూలో జావియా-ఎ-వుఖూ, జావియా-ఎ-ఇన్ఇకాస్ అని కంఠస్థం చేయిస్తాము. పరీక్షలో రాసి పిల్లలు మరిచిపోతారు. ఆ ఒక్క వాక్యంతోనే నేల మీద నిలబడినవారు 780 కిలోమీటర్ల ఎత్తున బిగించిన పలక వాలును పోల్చుకున్నారు.

వాలు తెలిసినాక లెక్కను ముందుకు నడిపించడమే మిగిలినది. దీనికి కావలసిన అంకెలు దాచిపెట్టినవి కావు. అమెరికా సైన్యంవారు రాడార్లతో ఉపగ్రహాల దారులను పట్టి, ఒక్కొక్క ఉపగ్రహానికి రెండు వరుసల అంకెలుగా విడుదల చేస్తుంటారు. వరుసకు 69 స్థానాలు. దారి ఎంత వాలింది, ఎంత గుండ్రంగా ఉంది, రోజుకు ఎన్ని చుట్లు, ఏ క్షణాన ఎక్కడున్నది, అన్నీ ఆ రెండు వరుసల్లో ఇమిడి ఉంటాయి. వాటిని ఏ సూత్రంతో నడిపించాలో 1980లోనే ప్రచురించినారు. టి.ఎస్. కెల్సో అనే ఆయన 1985 నుండి ఈ అంకెలను అందరికీ అందుబాటులో పెడుతూ వస్తున్నాడు. రాబ్ మ్యాట్సన్ అనే అమెరికన్ ఇరిడియం మెరుపుల కోసమే కంప్యూటరు ప్రోగ్రాం రాసి ఇచ్చినాడు. క్రిస్ పీట్ అనే ఆయన హెవెన్స్-అబవ్ అనే పేరుతో నడిపే సేవలోనైతే, మన ఊరి అక్షాంశం రేఖాంశం ఇస్తే చాలు, వారం రోజుల పట్టిక చేతికి వచ్చేది.

ఆ పట్టికలో ఒక గడి మాకెప్పుడూ ముచ్చటగా ఉండేది. మెరుపు మచ్చ నడిబొడ్డు మీ మేడకు ఎన్ని కిలోమీటర్లు తూర్పున ఉన్నది, పడమర ఉన్నది అని రాసేవారు. అనగా మెరుపు మీ దగ్గరికి రాదు, మీరే సైకిలెక్కి దాని దగ్గరికి పోవచ్చు! ఎనిమిది కిలోమీటర్లు పోతే ఇంకా గొప్పగా కనిపిస్తుందని తెలిసి అట్లా పోయినవారు లోకంలో ఎందరో.

2011 జనవరిలో కడపలో మేము మేడ మీద పదిమంది పిల్లలను పోగుచేసినాము. పట్టికలో రాత్రి 7 గంటలకు రెండు నిమిషాల ముందు మెరుపున్నది. చలికాలం, ఆకాశం కడిగినట్లున్నది. గడియారాన్ని సాయంకాలమే రేడియోలో వార్తల ముందు వచ్చే పిప్పులకు సరిచేసుకున్నాము. దిక్కు ఈశాన్యం, కొంచెం ఉత్తరానికి జరిగి. ఎత్తు నాలుగు పిడికిళ్లు. చేయి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు పది డిగ్రీలు, ఇది పిల్లలకు ముందే నేర్పించినాము. ఆ పక్కనే ఒక మంచి నక్షత్రం గుర్తు దొరికినది. ఇంగ్లీషులో కాపెల్లా, తెలుగు పంచాంగంవారికి బ్రహ్మహృదయం, అరబ్బీ పేరు అయ్యూఖ్. ఉపగ్రహాలు చూసేవారు చోటు చెప్పాలంటే నక్షత్రాల పేర్లతోనే చెప్పాలి, ఆ పేర్లలో సగానికి పైగా అరబ్బీవి. రైజెల్ అంటే రిజ్ల్, పాదం. డెనెబ్ అంటే తోక. ఆల్టెయిర్‌లోని తాయిర్ అంటే ఎగిరేది, మన పిల్లలకు అర్థం చెప్పనక్కరలేదు.

ఏడో తరగతి పిల్లవాడొకడు గడియారం పట్టుకుని పది, తొమ్మిది, ఎనిమిది అని గట్టిగా లెక్కపెడుతున్నాడు. పక్క మేడ మీద వడియాల గుడ్డ దులుపుతున్న దాదీమా ఒకరు ఏమి గోల అని ఇటు తిరిగినారు. నాలుగు అనేసరికి అయ్యూఖ్‌కు ఎడమగా చుక్క పుట్టినది. ఒకటి అనేసరికి మేడంతా ఒక్క కేక. సున్నా అనడం ఆ పిల్లవాడు మరిచేపోయినాడు.

దాదీమా గుడ్డ చేతిలోనే పట్టుకుని కాసేపు మాట్లాడలేదు. తరువాత మమ్ములను అడిగినారు: "ఏమి బేటా, మీరు పిలిస్తే వచ్చిందా, వచ్చేదాన్ని మీరు చెప్పినారా?"

పెద్ద పెద్ద చదువులవారు కూడా ఇంత సూటిగా అడగరు. "వచ్చేదాన్నే చెప్పినాము దాదీమా, అది అద్దం, సూర్యుని వెలుగు" అన్నాము. "అయితే రేపు కూడా చెప్పు" అన్నారు ఆమె. రేపటి పట్టికలో చిన్న మెరుపే ఉన్నది. అది కూడా చూడడానికి ఆమె వచ్చినారు, ఈసారి ఇద్దరు కోడళ్లను వెంటబెట్టుకుని.

ఈ లెక్కకు హద్దు లేదని అనుకోకండి. 2009 ఫిబ్రవరి 10న సైబీరియా మీద, సుమారు 790 కిలోమీటర్ల ఎత్తున, ఇరిడియం 33 అనే ఉపగ్రహం, ఎప్పుడో పనిచేయడం మానేసిన రష్యా ఉపగ్రహం కాస్మాస్ 2251 ఢీకొన్నవి. రెండు నిండు ఉపగ్రహాలు ఆకాశంలో గుద్దుకోవడం అదే మొదలు. రెండూ తునాతునకలైనవి. రాడారుకు అందేంత పెద్ద ముక్కలే సుమారు రెండు వేలు. అదే రెండు వరుసల అంకెలతో వేసిన ముందస్తు లెక్క ఆ రోజు ఏమి చెప్పినదో తెలుసా? అవి రెండూ 584 మీటర్ల ఎడంతో తప్పుకుని పోతాయని! అర కిలోమీటరు తేడా మేడ మీద మెరుపు చూసేవానికి లెక్కలోనిది కాదు, తొమ్మిది కిలోమీటర్ల మచ్చలో అదెంత. ఉపగ్రహానికి మాత్రం అదే ప్రాణం. ఒకే అంకె ఒక పనికి చాలుతుంది, ఇంకొక పనికి చాలదు. మా లెక్కల తరగతిలో దశాంశాల తరువాత ఎన్ని స్థానాలు రాయాలని పిల్లలు విసుక్కున్నప్పుడల్లా ఈ సంగతి చెబుతుంటాము.

కంపెనీ కథ తొందరగా చెప్పి ముగిస్తాము, అది వ్యాపారుల గొడవ. సుమారు 500 కోట్ల డాలర్లు పోసి కట్టిన ఏర్పాటు, ఫోన్లు మొదలైన ఏడాది తిరక్కముందే 1999 ఆగస్టులో దివాలా తీసినది. ఉపగ్రహాలన్నిటినీ కిందికి దించి కాల్చేద్దామనుకున్నారు. 2000 చివర్లో వేరేవారు రెండున్నర కోట్ల డాలర్లకు మొత్తం కొనుక్కుని నిలబెట్టినారు. అందువల్ల మెరుపులు కూడా నిలబడినవి. అందరికీ ఇవి ముద్దు కావు సుమా; రేడియో దుర్భిణులతో ఆకాశాన్ని వినే శాస్త్రజ్ఞులకు, 1612 మెగాహెర్ట్జ్ దగ్గర వారు వినాలనుకునే సన్నని ధ్వనికి ఈ ఉపగ్రహాల సంకేతాలు అడ్డు తగులుతున్నవని గట్టి ఫిర్యాదే ఉండేది. మనకు కంటికి ఇంపైనది వారి చెవికి రొద.

2017 జనవరి 14 నుండి 2019 జనవరి 11 దాకా ఎనిమిది రాకెట్లలో కొత్త తరం ఇరిడియంలు 75 ఎగిరినవి. వీటికి ఆ మూడు అద్దపు పలకలు లేవు. పాతవాటిని ఒక్కొక్కటిగా దించి గాలిలో కాల్చివేసినారు, 2019 ముగిసేనాటికి ఆ పని దాదాపుగా అయిపోయినది. అదుపు తప్పినవి సుమారు ముప్పై మాత్రం ఇంకా పైన దొర్లుతూ తిరుగుతున్నవి. అవి అప్పుడప్పుడూ తళుక్కుమంటాయి గాని ఎప్పుడని చెప్పేవారు లేరు. అద్దం ఉన్నది, నిలకడ పోయినది. మా దగ్గర ఆ పాత పట్టికల కాగితాలు ఇంకా ఉన్నవి. పిల్లలు వాటిని చూసి "సార్, ఈ టైముకు ఇప్పుడు చూస్తే రాదా" అని అడుగుతుంటారు.

ఆకాశం ఖాళీ అయినదా అంటే, అంతకంతకూ నిండిపోతున్నది. 2019 మే నెలలో స్టార్‌లింక్ ఉపగ్రహాలు మొదటి 60 ఒక్కసారే ఎగిరినవి. ఎగిరిన కొత్తల్లో అవి రైలుపెట్టెల్లాగ వరుసగా పోతాయి. ఆ వరుస కనిపించిన మర్నాడు మన వీధిలో ఫోన్ల నిండా వచ్చిన సమాచారాలు మీకు గుర్తుండే ఉంటాయి. శత్రువుల విమానాలన్నారు, ఇంకా ఏమేమో అన్నారు. కొందరు పిల్లలను లోపలికి పిలిచి తలుపులు వేసుకున్నారు. ఆ వరుస ఫలానా సాయంత్రం ఫలానా దిక్కున పోతుందని ముందురోజే పట్టికలో ఉన్నది. వీధిలో ఒక్కరు ఆ పట్టిక చూసి నలుగురికి చెప్పియుంటే తల్లులు పిల్లలను లోపలికి కాదు, మేడ మీదికి పంపేవారు. మాకు ఈ ప్రసంగం చేయాలని బుద్ధి పుట్టినది నిజానికి ఆ మర్నాడే.

2022 సెప్టెంబరులో ఎగిరిన బ్లూవాకర్ 3 అనే అమెరికా ఉపగ్రహం ఆ నవంబరులో 64 చదరపు మీటర్ల ఆంటెన్నా విప్పుకుని పెద్ద నక్షత్రాలంత వెలిగినది. 2025 డిసెంబరు 24న అదే కంపెనీవారి ఇంకా పెద్ద ఉపగ్రహాన్ని, సుమారు 6,100 కిలోల బరువున్నదాన్ని, మన శ్రీహరికోట నుండి మనవారి ఎల్.వి.ఎం.3 రాకెట్టే మోసుకుపోయినది. దాని ఆంటెన్నా పరిమాణం రెండు వందల చదరపు మీటర్ల పైమాటే. తలుపు రెక్క ఎక్కడ, ఇది ఎక్కడ! ఇవి ఇట్లా పెరిగిపోతే దూరపు నక్షత్రాలను ఫోటో తీసే శాస్త్రజ్ఞులకు గీతలు తప్ప ఏమీ మిగలవని వారి బాధ. ఆ బాధ న్యాయమైనదే అని మా అభిప్రాయం. ఇరిడియం మెరుపు వారానికి కొన్నిసార్లు వచ్చే చుట్టం, దానిని చూసి సంతోషించినాము. వేల సంఖ్యలో వచ్చి కూర్చుంటే చుట్టమనరు గదా.

పిల్లలూ, మీకు చూసుకోవడానికి ఏమున్నదంటే, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం ఉన్నది. సుమారు 400 కిలోమీటర్ల ఎత్తు, గంటన్నరకు ఒక చుట్టు, లోపల మనుషులుంటారు. బాగా దగ్గరగా పోయినప్పుడు ఇంచుమించు శుక్రునంత వెలుగు, నిమిషాల తరబడి కనిపిస్తుంది. దాని పట్టిక కూడా ఫోనులో దొరుకుతుంది. పట్టిక చూసి ఊరికే తల ఎత్తితే సగం పనే. ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. తేదీ, మీ మేడ ఎక్కడున్నది, పట్టికలో చెప్పిన టైము, మీరు నిజంగా చూసిన టైము, ఏ నక్షత్రం పక్కగా పోయినది, నీడలోకి పోయి ఎప్పుడు ఆరినది, ఇవి రాయండి. మబ్బు పట్టి కనిపించకపోతే మబ్బు అని రాయండి, ఆ రోజు గడి ఖాళీగా వదలవద్దు. దిక్కు తెలియకపోతే ధ్రువనక్షత్రాన్ని వెదకండి; మన కడపలో అది ఉత్తరాన పిడికిలిన్నర ఎత్తునే ఉంటుంది, చెట్ల చాటున పోతుంది, కాబట్టి ఎత్తైన మేడ చూసుకోండి. పగటిపూట ఏది వెదికినా సూర్యునివైపు మాత్రం కన్ను తిప్పకూడదు, బైనాక్యులర్‌తోనైతే అసలే వద్దు.

నెల రోజులు రాసినాక ఆ పుస్తకం మా దగ్గరికి తెండి. పట్టిక టైముకు, మీ టైముకు ఎన్ని సెకన్ల తేడా వచ్చినదో కూర్చుని చూద్దాము. శుక్రవారం తప్ప మిగిలిన రోజుల్లో సాయంత్రం ఐదున్నర దాకా బడిలోనే ఉంటాము. అమ్మాయిలు తమ్ముళ్లచేత పుస్తకం పంపనక్కరలేదు, అమ్మను వెంటబెట్టుకుని తామే రావచ్చు.